బంతిలో మిగిలేది ఊపు, బలం కాదు

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో పదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు గమన సమీకరణాల మీద లెక్కలిస్తే చకచకా చేసేస్తారు. మొన్న ఊరికే ఒక ప్రశ్న అడిగాను. బంతిని నిలువుగా పైకి విసిరాం, అది చేతి నుంచి విడిపోయి ఇంకా పైకి వెళ్తోంది, ఆ క్షణంలో దాని మీద ఏ బలాలు ఉన్నాయి అని. ఐదారుగురు తప్ప క్లాసంతా 'పైకి ఒక బలం ఉంది సార్, అందుకే కదా పైకి పోతోంది, అది అయిపోయాక కిందికి వస్తుంది' అన్నారు. ఇన్నాళ్లూ నేను చెప్పిందేమిటి, వాళ్లు విన్నదేమిటి? మనసు పాడైపోయింది.
– ఒక మాస్టారు, మార్కాపురం

జవాబు: మాస్టారూ, ముందు ఆ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. మనలో చాలామందిమి అడగం. లెక్కకి జవాబు సరిగ్గా వచ్చిందంటే పాఠం వచ్చేసినట్టేననుకుని తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. సర్వీసులో మొదటి ఏడెనిమిదేళ్లు నేను చేసిందీ అదే.

మీ పిల్లలు చెప్పింది తప్పే, కానీ అది తెలివితక్కువ తప్పు కాదు. మన ప్రాచీన తత్త్వశాస్త్ర గ్రంథం వైశేషిక సూత్రాల్లో బాణం గురించి సరిగ్గా ఈ చర్చే ఉంది. వింటి తాడు నెట్టడం వల్ల మొదటి కదలిక వస్తుంది, ఆ కదలిక వల్ల బాణంలో 'సంస్కారం' పుడుతుంది, దానితో అది పోతూనే ఉంటుంది, సంస్కారం లేకుండా పోయాక గురుత్వం వల్ల పడిపోతుంది అని. ఆ సంస్కారాల్లో ఒకదానికి తర్వాతి పండితులు పెట్టిన పేరు 'వేగం'. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ అనే పండితుడు కూడా దాదాపు ఇదే అన్నాడు, విసిరినవాడు వస్తువులోకి ఏదో ఎక్కిస్తాడు, అదే దాన్ని మోసుకుపోతుంది అని. న్యూటన్ తన గమన నియమాలు రాసిన పుస్తకం ప్రిన్సిపియా 1687లో గానీ రాలేదు. అన్ని వందల ఏళ్లు అంతంత పండితులు పట్టుకుని కూర్చున్న ఆలోచనని మనం నలభై నిమిషాల పీరియడ్‌లో, బోర్డు మీద ఒక సూత్రం రాసి మాన్పించేద్దాం అనుకుంటున్నాం.

ఇది మీ స్కూల్ సంగతో, తెలుగు మీడియం సంగతో కాదు. అమెరికాలో హెస్టెనెస్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్, ఆయన తోటివాళ్లు 1992లో లెక్కలు ఏమీ లేకుండా ఇలాంటి ప్రశ్నలతోనే ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్, మా పిల్లలకి ఇదొక లెక్కా అనుకుని దాన్ని ఇస్తే, ఒక విద్యార్థిని లేచి 'వీటికి మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా' అని అడిగిందట. ఆ పిల్ల ఎంత నిజాయితీగా అడిగిందో చూడండి. మన పిల్లల బుర్రలో కూడా రెండు ఫిజిక్స్‌లు ఉన్నాయి, ఒకటి పరీక్షకి, ఒకటి బతుకులోకి. రెండూ ఎక్కడా కలుసుకోవు.

ఇక ఏం చేయాలో చెప్తాను. 'తప్పు, కూర్చో' అనకండి. 'పైకి బలం ఉంది' అన్న పిల్లవాడిని ఒక్కటే అడగండి, ఆ బలం ఎవరు పెడుతున్నారు అని. చెయ్యి అంటాడు. చెయ్యి ఇప్పుడు బంతిని తాకుతోందా అంటే కాసేపు ఆలోచించి, 'తాకట్లేదు, కానీ ఇందాక పెట్టిన బలం లోపల ఉంది' అంటాడు. నా క్లాసులో ఈ మాట ప్రతి ఏడాదీ విన్నాను, ఇంచుమించు అవే మాటల్లో. చాలా ఏళ్లు దీన్ని ఖండిస్తూ వచ్చాను. తర్వాత అర్థమైంది, ఖండించాల్సినంత తప్పేం లేదు అందులో. లోపల ఉన్నమాట నిజమే. దానికి పెట్టిన పేరే తప్పు.

మన తెలుగులో ఆ లోపల ఉన్నదానికి పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాట ఒకటుంది, ఊపు. 'మంచి ఊపు మీద వచ్చాడు, ఆగలేక గోడకి గుద్దుకున్నాడు' అంటాం. 'బండి ఊపులో ఉంది, ఇప్పుడు బ్రేక్ వేసినా ఆగదు' అంటాం. లోడు లారీకి ఎక్కువ ఊపు, ఖాళీ లారీకి తక్కువ. మెల్లగా వస్తే తక్కువ, జోరుగా వస్తే ఎక్కువ. అంటే ద్రవ్యరాశి, వేగం రెండూ ఆ మాటలో ముందే ఉన్నాయి. పుస్తకం దాన్నే ద్రవ్యవేగం అంటుంది, ఇంగ్లీష్ మీడియం వాళ్లు మొమెంటమ్ అంటారు. పిల్లవాడికి ఊపు అంటే చిన్నప్పుడే తెలుసు, ద్రవ్యవేగం అనగానే అది వేరే ఏదో అనుకుంటాడు.

కాబట్టి బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాయండి. ఊపు వస్తువుకి ఉంటుంది. బలం వస్తువులో ఉండదు, ఒకటి ఇంకొకదాని మీద పెట్టాలి, పెట్టేవాళ్లు ఎవరో చూపించలేకపోతే అక్కడ బలం లేనట్టే. బలం చేసే పనల్లా ఊపుని మార్చడం. న్యూటన్ రెండో నియమం అసలు రాసిందే ఈ రూపంలో, ఊపు మారడం గురించి. బంతికి చెయ్యి ఊపు ఇచ్చింది, ఆ క్షణం నుంచి భూమి ఆ ఊపుని క్షణక్షణం తగ్గిస్తూ పోతోంది, సున్నా చేసింది, తర్వాత కిందివైపు పెంచుతోంది. గాలి కొద్దిగా అడ్డుపడుతుంది, దాన్ని వదిలేస్తే భూమి ఒక్కటే పనిచేస్తోంది, అదీ మొదటి నుంచి చివరిదాకా కిందికే, ఒకే బలంతో.

ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది, చూసుకోండి. పైన ఆగిన క్షణంలో వేగం సున్నా కదా, కాబట్టి త్వరణం, అంటే సెకనుకి వేగం ఎంత మారుతోందన్నది కూడా సున్నా అంటారు. సెకనుకి 20 మీటర్ల వేగంతో విసిరామనుకుని, త్వరణం సుమారు 10 అని తీసుకుని, సెకనుకోసారి వేగం రాయించండి: 20, 10, 0, మైనస్ 10, మైనస్ 20. ప్రతి సెకనుకీ పది తగ్గుతోంది, సున్నా దగ్గర కూడా తగ్గడం ఆగలేదు. అక్కడ త్వరణం నిజంగా సున్నా అయితే వేగం సున్నాగానే ఉండిపోవాలి, బంతి త్రిశంకుడిలా ఆకాశంలో వేలాడాలి. ఈ పోలిక చెబితే పిల్లలు నవ్వుతారు, కానీ మరిచిపోరు.

ఒక రోజు క్లాసుకి క్యారమ్ బోర్డు తీసుకెళ్లండి. పౌడర్ లేకుండా స్ట్రైకర్‌ని ఒక దెబ్బ కొట్టించండి, ఎంతదూరం పోయిందో సుద్దతో గీత గీయించండి. బోర్డు తుడిచి పౌడర్ చల్లి, అదే పిల్లవాడితో వీలైనంత అదే జోరుతో మళ్లీ కొట్టించండి. ఇప్పుడు అడగండి, 'లోపలి బలం అయిపోయింది' కాబట్టే స్ట్రైకర్ ఆగితే, ఒకే దెబ్బకి ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా ఎందుకు అయిపోతోంది? కాస్త సేపు ఎవరూ మాట్లాడరు, మీరూ మాట్లాడకండి. ఎవరో ఒకరు 'అయిపోవట్లేదు సార్, బోర్డు లాగేసుకుంటోంది' అంటారు. ఆ మాట పిల్లవాడి నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచి కాదు. లాగేసుకునేది ఏదీ లేకపోతే స్ట్రైకర్ ఎక్కడ ఆగుతుంది అనే ప్రశ్న తర్వాత వాళ్లే అడుగుతారు. అదే న్యూటన్ మొదటి నియమం.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో తొమ్మిది చదువుతోంది. స్పీడ్, వెలాసిటీ తేడా అడిగితే పుస్తకంలో వాక్యం అప్పజెబుతుంది, ఇంకేం చెప్పలేదు. నేను వడి, వేగం అని చదువుకున్నదాన్ని, నాకూ అప్పుడు సరిగ్గా ఎక్కలేదు. 'ఒకటి చాలదా అమ్మా, రెండెందుకు' అంటోంది.
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: చాలా న్యాయమైన ప్రశ్న అమ్మా, మీ పాపని మెచ్చుకోండి. మన ఇబ్బంది ఏమిటంటే మామూలు మాటల్లో వడి, వేగం రెండూ ఒకటే, స్పీడ్ కూడా అదే. పుస్తకం వాటిని విడదీసి చూపించింది గానీ ఎందుకు విడదీయాల్సి వచ్చిందో గట్టిగా చెప్పదు.

తుపాను వార్త గుర్తు తెచ్చుకోండి. వాతావరణ శాఖ వాళ్లు 'గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వాయవ్య దిశగా కదులుతోంది' అంటారు. ఆ 'వాయవ్య దిశగా' తీసేసి ఉత్త 12 కిలోమీటర్లు అని ఊరుకుంటే మచిలీపట్నంలో వలలు సర్దుకునే మనిషికి ఆ వార్త ఎందుకు? ఒడ్డుకి వస్తోందా, సముద్రంలోకి పోతోందా తెలియదు. ఎంత అనేది వడి. ఎంత, ఎటు అని రెండూ చెబితే వేగం.

పాపతో గుడికి వెళ్లినప్పుడు ఇంకోటి చేయండి. ధ్వజస్తంభం దగ్గర మొదలుపెట్టి ఒక ప్రదక్షిణ చేసి మళ్లీ అక్కడికే రండి. చుట్టు 120 మీటర్లు, పట్టింది రెండు నిమిషాలు అనుకుందాం. సగటు వడి సెకనుకి ఒక మీటరు. సగటు వేగం సున్నా, ఎందుకంటే బయల్దేరిన చోటే ఉన్నారు, స్థానభ్రంశం లేదు. 'మరి నడిచాం కదా' అంటుంది. నడిచిన లెక్క దూరం చూసుకుంటుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి చేరామన్న లెక్క స్థానభ్రంశం చూసుకుంటుంది. ఇంకా ఓపిక ఉంటే గుడి మూల తిరిగేటప్పుడు ఆపి అడగండి, నడక జోరు మార్చలేదు, దిక్కు మారింది, మరి వేగం మారిందా? మారింది. వేగం మారితే త్వరణం ఉన్నట్టే. ఈ ముక్క అర్థమైన పిల్లకి ఇంటర్‌లో వృత్తాకార చలనం దగ్గర టెన్షన్ ఉండదు.

పుస్తకం రెండు భాషల్లో ఉంటే, ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదురు పేజీలో తెలుగు, రెండూ చదవనివ్వండి. మీరు పక్కన కూర్చుని తెలుగు పేజీ చదవండి, ఆమె ఇంగ్లీష్ పేజీ చదువుతుంది. ట్యూషన్ కంటే మేలు.

ప్రశ్న: మేడమ్, నాకు గ్రాఫ్‌లంటే భయం. గీత పైకి పోతే కొండ ఎక్కుతున్నట్టు, కిందికి వస్తే దిగుతున్నట్టు అనిపిస్తుంది. అలా కాదని సార్ తిట్టారు. మరి ఎలా చూడాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, నల్గొండ

జవాబు: నాన్నా, గీతని బొమ్మలా చూడటం అందరూ చేస్తారు. నువ్వే ఒక గ్రాఫ్ తయారుచేస్తే ఆ భయం పోతుంది. ఒక నీళ్ల సీసా మూతకి సన్నటి సూదితో బెజ్జం పెట్టు, అడుగున ఇంకో చిన్న బెజ్జం పెడితే గాలి లోపలికి వెళ్లి నీళ్లు సమానంగా పడతాయి. సీసాని తలకిందులుగా పట్టుకుంటే ధార కాకుండా చుక్క చుక్కగా పడాలి, అలా వచ్చేదాకా బెజ్జాలు సరిచూసుకో. చుక్కకీ చుక్కకీ మధ్య కాలం ఇంచుమించు సమానం. అంటే ఆ సీసా నీ గడియారం.

ఇప్పుడు దాన్ని పట్టుకుని స్కూల్ వరండాలో ఎండిన సిమెంటు నేల మీద నడువు. ముందు మామూలుగా, తర్వాత మెల్లగా మొదలుపెట్టి జోరు పెంచుకుంటూ. వెనక్కి తిరిగి చూడు. మామూలుగా నడిచినప్పుడు చుక్కలు దండలో పూసల్లా సమదూరంలో ఉంటాయి, జోరు పెంచినప్పుడు ఒకదానికొకటి దూరం జరుగుతూ పోతాయి. ఎండలో నిమిషాల్లో ఆరిపోతాయి, కాబట్టి నీ స్నేహితుడిని సుద్దముక్కతో వెంటే రమ్మను.

అసలు పని ఇప్పుడు. పురికొస తీసుకుని మొదటి చుక్క నుంచి రెండో చుక్కకి ఎంత ఉందో అంత ముక్క కత్తిరించు, రెండు నుంచి మూడుకి ఇంకో ముక్క, అలా చివరిదాకా. ఆ ముక్కలన్నీ వరుస తప్పకుండా గోడ మీద పక్కపక్కనే నిలువుగా అతికించు, అడుగులు ఒక గీత మీద ఉండాలి. పైకొసలు చూస్తే మెట్లలా కనిపిస్తాయి. అదే వేగం – కాలం గ్రాఫ్, నీ నడకతో నువ్వు గీసింది. ఒక్కో ముక్క ఎంత పొడుగుంటే ఆ కాసేపట్లో అంత వేగం. మెట్లు సమంగా పెరిగితే త్వరణం సమానం. ముక్కలన్నీ కొసకి కొస కలిపి నేల మీద పరిస్తే ఎంత వస్తుంది? నువ్వు నడిచిన దూరం. గ్రాఫ్ కింది వైశాల్యమే దూరం అని పుస్తకంలో ఉన్నది ఇదే.

ఇక గీత కిందికి దిగుతోందంటే కొండ దిగుతున్నట్టు కాదు. నువ్వు నడక నెమ్మదించావు, ముక్కలు పొట్టివవుతున్నాయి, అంతే. నువ్వు ఇంకా ముందుకే వెళ్తున్నావు.

ప్రశ్న: మా స్కూల్లో ల్యాబ్ గది ఉంది, సామాన్లు లేవు. చలనం పాఠానికి డబ్బు ఖర్చు లేకుండా చేయదగ్గ ఒక్క ప్రయోగం చెప్పండి.
– ఒక టీచరమ్మ, పాడేరు

జవాబు: ఒక్కటే అంటే గెలీలియోదే. ఆయన దగ్గర మాత్రం ఏముంది, చెక్కలో తవ్విన గాడి, కంచు గుండు, కాలం కొలవడానికి పాత్ర నుంచి సన్నగా కారే నీళ్లు. ఆ నీళ్లని తూచి కాలం లెక్కగట్టాడు, 1638లో అచ్చయిన పుస్తకంలో రాశాడు.

మీకు కరెంటు వైర్లు దూర్చే ప్లాస్టిక్ పట్టీ రెండు మీటర్లది చాలు, ఒక గోళీ చాలు. పట్టీ ఒక కొసని ఐదారు సెంటీమీటర్లు ఎత్తండి. గోళీ వదిలే చోటు నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర పట్టీకి అడ్డంగా సన్నటి కుట్టుదారం చుట్టండి. గోళీ దాటిన ప్రతిసారీ 'టిక్' అంటుంది. పిల్లల్ని కళ్లు మూసుకుని వినమనండి. టిక్కులు తాళం వేసినట్టు సమంగా, ఇంచుమించు సెకనుకొకటి వస్తాయి. దారాల మధ్య దూరాలు మాత్రం 10, 30, 50, 70. అంటే 1, 3, 5, 7. ఆ తర్వాత దారాలు సమదూరంలో కట్టి మళ్లీ వదలండి, ఈసారి టిక్కులు తొందర తొందరగా దగ్గరపడతాయి. చెవులతో విన్న త్వరణం కాబట్టి ఇది గుర్తుండిపోతుంది. పిల్లలు భజనల్లో తాళం వేసి పెరిగినవాళ్లయితే అరక్షణం తేడా కూడా పట్టేస్తారు, స్టాప్‌వాచ్ కంటే వాళ్లనే నమ్మండి.

ప్రశ్న: ఎద్దులు బండిని ఎంత బలంతో లాగితే బండి కూడా ఎద్దుల్ని అంతే బలంతో వెనక్కి లాగుతుంది, మూడో నియమం. మరి రెండూ కొట్టేసుకోవాలి కదా, బండి ఎలా కదులుతుంది?
– ఇంటర్ మొదటి సంవత్సరం, తణుకు

జవాబు: కొట్టేసుకోవాలంటే రెండు బలాలూ ఒకే వస్తువు మీద ఉండాలి బాబూ. ఒకటి బండి మీద ఉంది, ఇంకోటి ఎద్దుల మీద ఉంది. నీ అప్పు, నా జమ కలిపి సున్నా అనలేం. బండి ఒక్కదాన్నే చూడు: ముందుకి ఎద్దుల లాగుడు, వెనక్కి చక్రాల దగ్గర ఒరిపిడి. మొదటిది ఎక్కువైతే బండి కదులుతుంది. తర్వాత ఎద్దుల్ని మాత్రమే చూడు: బండి వెనక్కి లాగుతోంది, మరి వాటిని ముందుకి నెట్టేదెవరు? నేల. గిట్టలు నేలని వెనక్కి తంతాయి, నేల వాటిని ముందుకి నెడుతుంది. నమ్మకం లేకపోతే వానాకాలం బురద దారిలో బండి దిగబడ్డప్పుడు చూడు. ఎద్దుల సత్తువ తగ్గలేదు, కానీ గిట్టలు జారిపోతుంటాయి, నేల పట్టు ఇవ్వట్లేదు. అందుకే రైతు గిట్టల కింద గడ్డో కంపో వేస్తాడు.

లారీ, ఆటో గుద్దుకుంటే ఎవరి మీద ఎక్కువ బలం అని కూడా ఇదే ఉత్తరంలో అడిగావు. ఇద్దరి మీదా సమానమే. ఆటో తేలిక కాబట్టి అదే బలానికి దాని వేగం చాలా ఎక్కువగా మారిపోతుంది, నష్టం దానికే. బలం వేరు, ఆ బలానికి జరిగేది వేరు.

ప్రశ్న: మా వాడు ఏడో తరగతి. ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చాం, అప్పుడే గమన సమీకరణాలు చెబుతున్నారు. మంచిదేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నా అభిప్రాయం సూటిగా చెబుతాను, కాదు. మా దగ్గరికి అలా వచ్చిన పిల్లలు సూత్రం చూడగానే అంకెలు వేసేస్తారు, త్వరణం స్థిరంగా ఉంటేనే ఆ సూత్రాలు పనిచేస్తాయన్న సంగతి ఒక్కరూ అడగరు. ఏడో తరగతిలో వాడికి కావాల్సింది కొలవడం. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి కిలోమీటరు రాళ్ల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టమనండి. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 72 సెకన్లు పడితే 50. ఆ లెక్క ఎందుకలా వచ్చిందో వాడే చెప్పగలిగిన రోజు మిగతావి నేర్పించవచ్చు.

ప్రశ్న: బస్సు పోతున్నప్పుడు లోపల పైకి ఎగిరితే నేను వెనక్కి ఎందుకు పడను? బస్సు ముందుకి వెళ్లిపోవాలి కదా?
– ఎనిమిదో తరగతి అమ్మాయి, ఆముదాలవలస

జవాబు: తల్లీ, బస్సుకున్న వేగమే నీకూ ఉంది, ఎగిరినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. నిన్ను వెనక్కి లాగేవాళ్లు గాలిలో ఎవరూ లేరు, లోపలి గాలి కూడా బస్సుతోపాటే వస్తోంది. ఎగరొద్దు, పడతావు. సీట్లో కూర్చుని రూపాయి బిళ్ల ఎగరేసి పట్టుకో. బస్సు ఒకే జోరు మీద తిన్నగా పోతున్నప్పుడు సరిగ్గా నీ చేతిలోనే పడుతుంది. డ్రైవర్ బ్రేక్ వేస్తున్నప్పుడు ఎగరేస్తే ముందుకి పోతుంది. మలుపులో ఎగరేస్తే ఎటు పోతుందో నేను చెప్పను. ముందు నువ్వు ఏమనుకుంటున్నావో ఒక కాగితం మీద రాసుకో, తర్వాత ఎగరేసి చూడు, రెండూ కలిపి నాకు ఉత్తరం రాయి.